మా మావయ్యని ఏమని పిలవాలండీ?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పంటకాలువలో చెత్త వేయొద్దని మా మావయ్య ఆరేళ్లుగా ఊరందరితో గొడవ. పెళ్లి భోజనాల్లో కూడా ప్లాస్టిక్ గ్లాసులు లెక్కపెడతారు. అత్తయ్యయితే 'పిచ్చి' అని తేల్చేసింది. ఆయన రిటైర్మెంట్ సభలో నేను మాట్లాడాలి, ఒకటే టెన్షన్. వీరాభిమాని అంటే సినిమా హీరోలు గుర్తొస్తారు. ఛాందసుడు అందామా?

జవాబు: అమ్మో, వద్దు! ఛందస్సు అంటే వేదం అని కూడా అర్థం. ఛాందసుడంటే ఒకప్పుడు వేదం చదువుకున్నవాడు. ఇప్పుడది తిట్టు. ఉన్మాది ఇంకా ఘోరం. 'కంకణం కట్టుకున్న మనిషి' అనండి. వ్రతానికి కట్టిన కంకణం అది పూర్తయ్యేదాకా విప్పరు కదా. పట్టుదల ఉంది, తిట్టు లేదు.

ఇంకో జవాబు: కాలువ మనిషి కాబట్టి భగీరథుడు అనొచ్చండీ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరని మనవాళ్లు అపర భగీరథుడనే కదా అంటారు.

అడిగినవారు: ఆయ్, బాగుందండి. కానీ ఆ మాట చెవిన పడితే మావయ్య మైకు లాక్కుని కాలువ కథ మొదలెడతారు, భోజనాలు చల్లారిపోతాయి. కంకణమే ఖాయం చేశాను.