టెక్సస్‌లో గన్‌కి లైసెన్స్ అక్కర్లేదంట, ఎఫ్-1 మీద ఉన్న మా అబ్బాయి పెట్టుకోవచ్చా?

దిల్‌సుఖ్‌నగర్ నాన్న:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఎమ్మెస్ అయిపోయి డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఓపీటీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఓపీటీ అంటే చదువు అయ్యాక కొన్నాళ్లు ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి. వీసా ఇంకా ఎఫ్-1నే, అంటే స్టూడెంట్ వీసా. ఈ మధ్య వాళ్ల అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక కుర్రాడికి గన్ చూపించి ఫోను, పర్సు లాక్కుపోయారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇంట్లో ఆవిడకి నిద్ర లేదు. మా బావమరిది అక్కడే ఉంటాడు, గ్రీన్ కార్డు వచ్చింది. "ఇక్కడ లైసెన్స్ తీసేశారు బావా, 21 దాటితే చాలు. నా దగ్గర రెండు పిస్టల్స్ ఉన్నాయి, ఒకటి అల్లుడి కారులో పెడతాను" అంటున్నాడు. మా అబ్బాయికి 24 నిండాయి. రూల్ నిజంగానే మారిందా? సరే అనమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి.

మియాపూర్ మాజీ డల్లాస్:
అంకుల్, ముందు ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

రూల్ మారింది. 2021 సెప్టెంబర్ 1 నుంచి హౌస్ బిల్ 1927 అనే టెక్సస్ చట్టం అమల్లో ఉంది. అంతకు ముందు హ్యాండ్‌గన్ నడుముకి పెట్టుకుని బయట తిరగాలంటే ఎల్‌టీసీ అనే లైసెన్స్ ఉండాల్సిందే. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, రాతపరీక్ష, వేలిముద్రలు, షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూపించడం, ఇవన్నీ దాటితేనే ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అది లేకపోయినా నడుస్తుంది. కానీ ఎవరికి? గన్ దగ్గర ఉంచుకోవడానికి రాష్ట్ర చట్టం, ఫెడరల్ చట్టం (అమెరికా అంతటికీ వర్తించేది) రెండూ అడ్డు చెప్పని మనిషికి. మీ బావమరిది గారు ఈ ముక్క వదిలేశారు.

ఎఫ్-1, హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాంటి వీసాల మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ, తూటా గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. 1998లో చేర్చారు. టెక్సస్ లైసెన్స్ తీసేసినంత మాత్రాన అది పోదు. దొరికితే 15 ఏళ్ల దాకా జైలు, 2022 వరకు 10 ఏళ్లుండేది. ఆ పైన దేశం నుంచి పంపించేస్తారు. తెలిసి ఇచ్చినవాడిదీ నేరమే, దానికీ అంతే శిక్ష. అంటే మేనమామ గ్రీన్ కార్డు కూడా పోవచ్చు.

"కారులో పెడతాను" అన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే. చేతిలో పట్టుకోకపోయినా, అది అక్కడుందని తెలిసి తన అధీనంలో ఉంటే వాడి దగ్గర ఉన్నట్టే లెక్క. నేను హెచ్-1బి మీద ఉన్నప్పుడు మా రూమ్మేట్‌కి గ్రీన్ కార్డు వచ్చింది, రాగానే పిస్టల్ కొన్నాడు. హాల్లో టీవీ కింద సొరుగులో పెట్టేవాడు. లాక్‌బాక్స్‌లో పెట్టి తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో, లేదంటే నేను ఇల్లు మారిపోతానని పట్టుబట్టాను. కొన్నాళ్లు మాటల్లేవు మా మధ్య. అయినా ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. మన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఉంటారు, ఒకరి కారు ఇంకొకరు నడుపుతారు. డాష్‌బోర్డు సొరుగులో ఏముందో అడగాలని ఎవరికీ తోచదు.

గచ్చిబౌలి కుర్రాడు:
బ్రో, హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే వీసావాళ్లకీ ఓకే కదా? మా బ్యాచ్ వాళ్లు అలాగే రేంజ్‌కి వెళ్తారు.

మియాపూర్ మాజీ డల్లాస్:
ఆ మినహాయింపు చట్టంలోనే ఉంది, కాదనను. గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. అది లేకుండా రేంజ్‌లో అద్దె గన్ పట్టుకున్నా తప్పే, చాలామంది ఫోటోలు కూడా పెడుతుంటారు. కానీ ఆ కార్డు చూసుకుని రోజూ కారులో పిస్టల్ పెట్టుకు తిరగమని నేను ఏ పిల్లాడికీ చెప్పను. రాత్రి పూట రోడ్డు మీద పోలీసు ఆపితే ఈ మినహాయింపులన్నీ అక్కడ వివరించాలి. కాదు కూడదంటే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి డబ్బు కట్టి అడగండి.

మల్కాజ్‌గిరి రిటైర్డ్:
నేను పోలీసు శాఖలో చేసి రిటైర్ అయ్యాను. ఇక్కడ సిటీలో రివాల్వర్ లైసెన్స్ కావాలంటే కమిషనర్‌కి దరఖాస్తు పెట్టాలి, స్టేషన్ నుంచి విచారణ జరగాలి, ప్రాణానికి ముప్పు ఏమిటో చెప్పాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషికి రెండే తుపాకులు. ఎన్నికలొస్తే డిపాజిట్ చేయమంటారు. ఇంత వడపోత చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నా, శిక్షణ లేని కుర్రాడి చేతిలో పిస్టల్ ఉంటే దొంగ అదే లాక్కుని వాడి మీదే గురిపెడతాడు. ఫోను, పర్సు అడిగితే ఇచ్చేయమనండి.

ఎడిసన్ అక్క:
రూల్స్ మారింది టెక్సస్‌లో ఒక్కచోటే కాదు. 2022 జూన్‌లో న్యూయార్క్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, గన్ మోయడానికి ప్రత్యేక కారణం చూపించాలన్న షరతు మా న్యూజెర్సీలోనూ పోయింది. న్యూయార్క్ అయితే 16 గంటల క్లాసు, 2 గంటల కాల్పుల శిక్షణ పెట్టింది. ఏ రాష్ట్రం ఎలా మార్చుకున్నా వీసావాళ్ల మీద నిషేధం ఫెడరల్‌ది, అది అలాగే ఉంది.

దిల్‌సుఖ్‌నగర్ నాన్న:
చాలా థాంక్స్ అండి. అబ్బాయితో మాట్లాడాను, వాడికీ ఈ సంగతి తెలియదట. బావమరిది ముందు కోప్పడ్డాడు, తన కార్డుకే ఎసరు అనేసరికి ఆగాడు. పెప్పర్ స్ప్రే అయినా పెట్టుకోవచ్చా? ఇక్కడి నుంచి పంపనా?

మియాపూర్ మాజీ డల్లాస్:
పెట్టుకోవచ్చు అంకుల్, ఆత్మరక్షణకి అమ్మే చిన్న సీసాకి టెక్సస్‌లో ఇబ్బంది లేదు. ఇక్కడి నుంచి పంపకండి, అక్కడే కొనుక్కోమనండి. విమానం ఎక్కేటప్పుడు మాత్రం హ్యాండ్ బ్యాగులో ఉండకూడదు. పార్కింగ్‌లో లైట్లు వెలగకపోతే లీజింగ్ ఆఫీసుకి నలుగురూ కలిసి ఈమెయిల్ పెట్టమని కూడా చెప్పండి.