యాంటీబయాటిక్ కోర్సు: తగ్గగానే ఆపేయాలా, చివరి బిళ్ళ దాకా మింగాలా?

కృష్ణాతీరం:
మా అబ్బాయికి పంటి కింద చీము పట్టింది. పన్ను తీసేసి, అమాక్సిసిలిన్ క్లావులానిక్ 625 రోజుకు మూడు పూటలు, ఏడు రోజులకు రాశారు. మూడో రోజుకే వాపు పోయింది. ఇంట్లో అందరూ "కోర్సు మధ్యలో ఆపకూడదు" అంటున్నారు. ఆ నియమానికి ఆధారం లేదని నా వాదన. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మార్టిన్ లెవెలిన్, ఆయన తోటి వైద్యులు ఇదే రాశారు. ముందుగా ఆపితే మందుకు లొంగని క్రిములు పెరుగుతాయనడానికి రుజువు లేదు, అవసరానికి మించి వాడితేనే ఆ ముప్పు అన్నారు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

షాపు_నరసరావుపేట:
నేను కాదంటాను. 18 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. రోజూ పది మంది వచ్చి "ఆ తెల్ల బిళ్ళలు రెండు ఇవ్వు, జ్వరం" అంటారు. చీటీ ఉండదు. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉందని, అంటే చీటీ లేకుండా వాడకూడదని చూడరు. ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు. మీరు రాసింది చదివితే రేపు ఇరవై మంది వస్తారు. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగే 1945 నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు, చాలీచాలని మందుతో క్రిములు మొండికేస్తాయని. అంతకంటే ఏం కావాలి?

కృష్ణాతీరం:
ఫ్లెమింగ్ చెప్పింది చాలీచాలని మోతాదు గురించండీ, రోజుల గురించి కాదు. వాడితే సరిపడా వాడండి అన్నాడు. ఏడు రోజులు వాడమని ఎక్కడన్నాడు?

షాపు_నరసరావుపేట:
రెండూ ఒకటే. సగంలో ఆపితే చాలీచాలనిదే అవుతుంది.

పాలమూరు_బిడ్డ:
మా ఊర్లో ఆర్‌ఎంపీ మూడు రోజులకే ఇస్తాడు. అందరూ బాగానే ఉన్నారు.

గోదారి_మైక్రో:
రెండూ ఒకటి కాదండీ. నేను మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. కొంచెం ఓపికగా చదవండి.

బ్యాక్టీరియా చుట్టూ వల లాంటి గోడ ఉంటుంది. చక్కెర పోగులు, వాటిని కలిపే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్క) ముడులు. లోపల ఒత్తిడి ఎక్కువ, ఆ ముడులే దాన్ని పగలకుండా కాపాడతాయి. ముడి వేసే ఎంజైమ్ ఆ పెప్టైడ్ చివర రెండు అలనిన్లున్న (అలనిన్ అంటే ఒక అమైనో ఆమ్లం) తోక కోసం వెతుకుతుంది. పెన్సిలిన్ ఆకారం ఆ తోకలాగే ఉంటుంది. ఎంజైమ్ దాన్ని పట్టుకుంటే ఇక వదలలేదు. ముడులు ఆగిపోతాయి, పాత గోడను కోసే ఎంజైములు మాత్రం పని చేస్తూనే ఉంటాయి. చివరికి కణం పగిలిపోతుంది. మన కణాలకు ఆ గోడే లేదు, అందుకే ఇంత మందు మనం తట్టుకుంటాం. వైరస్‌కూ లేదు, అందుకే జలుబుకు ఇది పనిచేయదు.

ఇందులోంచి రెండు విషయాలు తేలతాయి. ఒకటి, గోడ కడుతున్న క్రిమినే ఈ మందు చంపుతుంది, నిద్రాణంగా ఉన్నది తప్పించుకుంటుంది. అలా మిగిలినదంతా మొండిది కాదు, మళ్లీ పెరిగితే అదే మందుకు చస్తుంది. రెండు, రక్తంలో మందు చాలినంతగా ఎన్ని గంటలుందో అదే ముఖ్యం. పెన్సిలిన్ జాతిదే అయిన అమాక్సిసిలిన్ గంటకు కాస్త అటూ ఇటూగా సగం వెళ్లిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం మరిచి రాత్రి రెండు కలిపి మింగితే లాభం లేదు. మీరు రోజుల కోసం కొట్టుకుంటున్నారు, పూటలు ఎవరూ అడగడం లేదు.

చిత్తూరు_రాజా:
మేడమ్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తెచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఇలాగే గోడ పగలగొడుతుందా?

గోదారి_మైక్రో:
లేదు బాబూ. అది బ్యాక్టీరియా ప్రొటీన్ తయారీని ఆపుతుంది. వేరే జాతి మందు.

మున్నేరు:
ఇదంతా చదువుతుంటే నాకు కోపం వస్తోంది. నాకు తొమ్మిదేళ్లప్పుడు గొంతు నొప్పి, జ్వరం. పది రోజులకు గోలీలు రాస్తే నాలుగో రోజుకు తగ్గిందని అమ్మ ఆపేసింది. మిగిలినవి డబ్బాలో దాచి తర్వాత తమ్ముడికి వేసింది. కొన్ని వారాలకు నా మోకాళ్లు వాచాయి. కీళ్లవాతం జ్వరం అన్నారు. ముప్పై నాలుగేళ్లకు గుండెలో మైట్రల్ వాల్వు (కవాటం) మార్చారు. ఆధారం లేదంటున్న కృష్ణాతీరం గారూ, నా ఛాతీ మీద కుట్లే ఆధారం.

కృష్ణాతీరం:
మీ బాధ అర్థమైందమ్మా. కానీ అది స్ట్రెప్టోకోకస్ అనే గొంతు క్రిమి. మా అబ్బాయిది పంటి చీము, పన్నే తీసేశారు. రెండూ కలపొద్దు.

మున్నేరు:
నేను కలపడం లేదు. "తగ్గగానే ఆపేయాలా" అని అందరికీ కలిపి శీర్షిక పెట్టింది మీరు. గొంతు నొప్పితో ఉన్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏ తల్లో అది చదువుతుంది.

షాపు_నరసరావుపేట:
అదే నేనూ అంటున్నా. నాలుగు వ్యాసాలు చదివి డాక్టర్లయిపోతే ఎలా?

కృష్ణాతీరం:
వ్యాసాలు చదివి కాదు సార్. మా అమ్మను చూసి రాస్తున్నాను. డెబ్బై ఒక్క ఏళ్లు. జలుబుకు పది రోజులు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ వాడించారు. ఆరో రోజు విరేచనాలు మొదలయ్యాయి. ఆపుదామంటే "కోర్సు పూర్తి చేయాల్సిందే" అన్నారు. చేశాం. పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో పడుకుంది. క్లాస్ట్రిడియాయిడీస్ డిఫిసిల్ అనే పేగు క్రిమి అని తేలింది. పేగులో మంచి క్రిములు చచ్చిపోయి అది పెరిగిందట. వ్యాంకోమైసిన్ అనే వేరే యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇచ్చి బతికించారు. కోర్సు అనే మాట వింటే నాకు వణుకు వస్తుంది. ఎవరి మాట నమ్మాలి నేను?

గోదారి_మైక్రో:
చాలా కష్టపడ్డారు. వ్యాంకోమైసిన్ కూడా గోడ మీద పనిచేసేదే. ఎంజైమ్‌ను వదిలి నేరుగా ఆ అలనిన్ తోకనే పట్టుకుంటుంది. మింగితే రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగులోనే ఉంటుంది, అందుకే అక్కడ పనికొచ్చింది.

మీ అమ్మగారి విషయంలో తప్పు రోజుల లెక్కలో లేదు. వైరస్ జలుబుకు ఆ మందు మొదలుపెట్టడమే తప్పు. అందులోనూ సెఫిక్సిమ్ 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉంది, చీటీ చూసి, రిజిస్టరులో పేరు రాసి అమ్మాల్సిన మందు. విరేచనాలు పట్టుకున్నప్పుడు డాక్టరు మళ్లీ చూసి ఆపించి ఉండాల్సింది.

మున్నేరు గారి విషయంలో పది రోజులూ కావాలి. స్ట్రెప్టోకోకస్ ఇప్పటికీ పెన్సిలిన్‌కు లొంగుతుంది. అక్కడ పది రోజులు పెట్టింది క్రిమి మొండికేస్తుందని కాదు, గొంతులోంచి పూర్తిగా పోవాలని. లేకపోతే మన శరీరం దాని మీదికి పంపే యాంటీబాడీలు గుండె కవాటాల మీద పడతాయి. పెన్సిలిన్‌ను విరిచే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ ఈ క్రిమికి లేదు, కాబట్టి ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే క్లావులానిక్ కలిపిన మందు కూడా అక్కర్లేదు, ఉత్త అమాక్సిసిలిన్ చాలు.

న్యుమోనియాకు మాత్రం 2021లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫ్రాన్స్ అధ్యయనంలో, మూడు రోజులకు నిలకడగా కోలుకున్న రోగులకు మందు ఆపినా ఎనిమిది రోజుల వారితో సమానంగానే ఉన్నారు. క్షయకు నెలల తరబడి వాడాలి. ఏ జబ్బుకా లెక్క ఉంది.

మున్నేరు:
ఆ "ఎందుకు పది రోజులు" అనేది మా అమ్మకు ఎవరూ చెప్పలేదు మేడమ్. చెప్పి ఉంటే ఆపేది కాదు. గోలీలు దాచింది కూడా డబ్బుల్లేకే. తమ్ముడికి జ్వరం వస్తే మళ్లీ ఫీజు ఎక్కడి నుంచి తేవాలి? నేను ఆమె మీద ఎన్నో ఏళ్లు కోపం పెట్టుకున్నాను.

కృష్ణాతీరం:
మాకూ ఎవరూ చెప్పలేదు. జలుబని కూడా అనలేదు, ఇన్‌ఫెక్షన్ అన్నారంతే.

షాపు_నరసరావుపేట:
నిజం చెప్పాలంటే చాలా చీటీల మీద జబ్బు పేరు ఉండదు. బిళ్ళ పేరు, రోజులు, అంతే. కౌంటర్ దగ్గర అడిగితే నేనేం చెప్పాలి? అందుకే కోర్సు పూర్తి చేయండి అంటాను. నా దగ్గర ఉన్న మాట అదొక్కటే.

పాలమూరు_బిడ్డ:
మా ఆర్‌ఎంపీ కూడా పేరు చెప్పడు.

కృష్ణాతీరం:
శీర్షిక మార్చడానికి అడ్మిన్‌ను అడిగాను, "పంటి చీముకు" అని చేర్చమన్నాను. ఇందాక దంత వైద్యుడికి ఫోన్ చేశాను. పన్ను తీశారు, జ్వరం లేదు, రేపు చూసి ఆపుదాం అన్నారు. మున్నేరు గారూ, మీకు ఇప్పుడూ మందులున్నాయా?

మున్నేరు:
ఉన్నాయి. రక్తం పలచబడే గోలీ రోజూ. ఆ గొంతు క్రిమి మళ్లీ పట్టకుండా బెంజాథీన్ పెన్సిలిన్ 12 లక్షల యూనిట్లు, 21 రోజులకోసారి తుంటి సూది. రెండు రోజులు కూర్చోలేను. ఈసారి గురువారం పడింది.