ఇడుపు కాయితంలో ఆకు ఏడవోయింది?

నర్సంపేటలో మా అమ్మమ్మకు రాత్రి అన్నం తిన్నంక ఏదో ఒక కత చెప్పాలె. మొన్న ఎలిజబెత్ రాణి చెల్లె మార్గరెట్ సంగతి చెప్పిన. "ఆఖరికి 1978ల విడాకులైనయి" అంటే, "ఇడుపు కాయితం రాసుకున్నరా?" అన్నది. రెండూ ఒక్కటేనా? ఒక్కటే అయితే కాయితంలోకి ఆకు ఎట్లొచ్చింది?

హన్మకొండ నుంచి జవాబు: ఆకును రెండుగా చింపి చేతికిచ్చేవాళ్లు కాబట్టి విడాకులు అని చెప్తుంటారు. కతగా బాగుంది గానీ నాకు నమ్మబుద్ధి కాదు. రాతంతా తాటాకు మీద నడిచిన రోజుల్లో విడుపు రాసిచ్చిన ఆకు విడాకు. కాయితం వచ్చినంక అదే ఇడుపు కాయితం. విస్తరి ఇస్తరి అయినట్టే విడుపు ఇడుపైంది. మీ అమ్మమ్మ మాట యాసే తప్ప తప్పు కాదు.

కరీంనగర్ నుంచి: తాటాకు సరే, మరి బహువచనమెందుకు? "విడాకు ఇచ్చిండు" అని ఎవరన్నా అంటరా? కాయితం ఒక్కటే, ఆకులు మాత్రం ఎప్పుడూ రెండు. చెరొకటి పట్టుకపోతే తప్ప పొసగదు.

హన్మకొండ: బహువచనం కాడ నా వాదన కుంటుతున్నది, ఒప్పుకుంటున్న.

అడిగినోన్ని మళ్లీ నేనే. ఈ 'విడు'తోటే నాకింకో చిక్కు. మార్గరెట్ మనసుపడ్డ పీటర్ టౌన్సెండ్ అప్పటికే విడాకులైన మనిషి. 1772 నాటి రాజకుటుంబపు పెండ్లిండ్ల చట్టం, చర్చి, మంత్రులు, అందరూ అడ్డమే. 1955 అక్టోబర్ 31న ఆయనను చేసుకోనని ప్రకటన ఇచ్చింది. క్రైస్తవ వివాహం విడదీయరానిదన్న చర్చి బోధను అందులో గుర్తుచేసుకున్నది. అట్లన్న మనిషికే 1960ల ఫొటోగ్రాఫర్ ఆంటోనీ ఆర్మ్‌స్ట్రాంగ్-జోన్స్‌తోటి పెండ్లయి, పద్దెనిమిదేండ్లకు విడాకులైనయి. 'విడదీయరానిది' అని రాస్తే పుస్తకం వాసనొస్తున్నది. మన దిక్కు మాటేంది?

జనగామ నుంచి: "తెంపితే తెగేది కాదు" అనుర్రి. పెద్దమనుషుల పంచాయతీల వినే మాటే.

నేను: అమ్మమ్మకు చట్టాలు ఎక్కలేదు. 1953 జూన్ 2న అక్క పట్టాభిషేకం నాడు టౌన్సెండ్ కోటు మీది నూగుపోగును మార్గరెట్ చేత్తోటి తీసేసింది. విలేకర్లు చూసిండ్రు, గుట్టు బయటవడ్డది. గా ముచ్చట కాడ ముసలామె ఆగిపోయింది. "నల్గుట్ల కోటు దులిపిందంటే ఇంకేం మిగిలింది బిడ్డా, గప్పుడే మనువైనట్టు" అన్నది.

కరీంనగర్: మరి 1976 మార్చిల వేరుగ ఉంటమని ప్రకటించిండ్రు కదా. అంతకు ముందు నెలనే, తనకన్నా పదిహేడేండ్లు చిన్నోడు రోడీ లెవెలిన్‌తోటి మస్తీక్ దీవిల ఉన్న ఫొటో పేపర్లల్ల వచ్చింది. ఇడుపు కాయితానికి ముందటి ఆ రెండేండ్లను ఏమనాలె?

జనగామ: మన దగ్గరైతే "తల్లిగారింట్ల ఉంటున్నది" అంటరు. ఇడిసిపెట్టిండ్రన్న మాట ఎవరూ నోటితోటి అనరు.

హన్మకొండ: ఆమెకు అది అతకదు. కెన్సింగ్టన్ ప్యాలెస్‌ల ఆమె ఉన్నది ఉన్నట్టే ఉన్నది. సామాన్లు సర్దుకొని బయటికి పోయింది ఆయన.

నేను: ఇదీ అమ్మమ్మను అడిగిన. "అయితే అల్లుడు ఇల్లరికం ఇడిసిండను" అన్నది.