ట్యూన్ ముందు, మాటలు తర్వాత: ‘యెస్టర్‌డే’ సంగతి

ప్రశ్న: బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీకి ‘యెస్టర్‌డే’ పాట బాణీ నిద్రలో తట్టిందంటారు కదా. మరి మాటలు ఎప్పుడు వచ్చాయి? తెలుగులో రాద్దామని ‘నిన్నటి’తో ఎత్తుకుంటే ట్యూన్‌లో కూర్చోవడం లేదు.

జవాబు 1: చాలా నెలలు ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’ అనే డమ్మీ మాటలతోనే నడిపారండి. అసలు మాటలు 1965 మేలో, పోర్చుగల్‌లో కారు ప్రయాణంలో కుదిరాయి. ఆ డమ్మీని తీసిపారేయకండి, కొలత అంతా అందులోనే ఉంది: మూడక్షరాలు, మొదటి రెండూ పొట్టి, మూడోది సాగుతుంది. అంటే లఘువు, లఘువు, గురువు: సగణం. మీ ‘నిన్నటి’ భగణం, అంటే గురువు, లఘువు, లఘువు. సాగాల్సిన చోట ‘టి’ పడి మాట విరిగిపోతోంది. ‘కలలా’, ‘నిను నే’ లాంటివి పెట్టి పాడి చూడండి. అర్థం కన్నా ముందు చివర దీర్ఘం వెతకాలి.

జవాబు 2: ఇంకోటి, చరణం ఎనిమిది బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి) కాదు, ఏడే. ఎనిమిదికి రాస్తే ఒక ముక్క మిగిలిపోతుంది.

జవాబు 3: రికార్డుతో కలిపి గిటార్ వాయిస్తే శ్రుతి కలవదు, జాగ్రత్త. పాల్ తీగలన్నీ రెండు సెమీటోన్లు (రెండు స్వరస్థానాలు) దించి జీ శ్రుతి పట్లు (కార్డ్‌లు) వాయించారు, వినబడేది ఎఫ్ శ్రుతి. జూన్ 14న గిటార్, గొంతు రెండే టేకుల్లో అయిపోయాయి. 17న వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ రెండు వయొలిన్లు, వయోలా (కాస్త పెద్ద వయొలిన్), చెల్లో (మంద్రంగా పలికే ఇంకా పెద్ద తీగవాద్యం) కలిపారు. ఆ చెల్లో ఒక్కదాన్నే పట్టుకుని వినండి, ఎంత బాగుంటుందో!