‘బలం’ పడవకు ఉంటుందా, పడవ మీద పనిచేస్తుందా?

ప్రశ్న: కోనసీమలో ఒక ఊరి బడిలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. గెడ ఎత్తేసిన తరువాత కూడా పడవ ఎందుకు సాగుతుందని అడిగితే, పిల్లలందరూ ‘పడవకి ఇంకా బలం ఉంది కాబట్టి’ అంటున్నారు. ‘బలం’ అనే పారిభాషిక పదంలోనే ఏదైనా దోషం ఉందా?

జవాబు: మాస్టారూ, పదం మంచిదే, చిక్కంతా దాని పక్కన చేరే ప్రత్యయంతో వస్తోంది. ‘వాడికి బలం ఉంది’, ‘ఎద్దుకు బలం చాలదు’ అనే వాడుకలో ‘కి’, ‘కు’ అనే షష్ఠీ ప్రత్యయం చేరగానే బలం ఒకరి సొత్తయిపోతుంది. శాస్త్రంలో బలమంటే ఒక వస్తువు ఇంకొక వస్తువు మీద చూపేది కనుక, అక్కడ ‘పడవ మీద బలం పనిచేస్తోంది’ అనే అనాలి, ఎవరు చూపుతున్నారో కూడా చెప్పాలి.

పడవ నడిపేవాడు గెడను కాలువ అడుగున ఆనించి వెనక్కి నెడితే, ఆ నేల గెడను, గెడ పట్టిన మనిషిని ముందుకు నెడుతుంది. అతని పాదాల ద్వారా ఆ నెట్టు పడవకు చేరుతుంది. న్యూటన్ 1687లో ప్రకటించిన మూడో నియమం ఇదే. ఒండ్రు మరీ మెత్తగా ఉన్నచోట గెడ దిగబడిపోతే, ఎంత కండ ఉన్న మనిషికైనా ఎదురు నెట్టే నేల దొరకక పడవ కదలదు. (అదే మనిషి పడవలో నిలబడి పడవ అంచునే నెడితే ఏమవుతుందని అడిగి చూడండి, తరగతి నవ్వుతుంది.)

పడవ, మనిషి, కొబ్బరికాయలు కలిపి 500 కిలోలనుకుందాం. ముందుకు నెట్టే బలం 150 న్యూటన్లు, నీటి నిరోధం 50 న్యూటన్లు అయితే, మిగిలిన 100 న్యూటన్ల వల్ల పడవ వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 0.2 మీటర్ల చొప్పున పెరుగుతుంది. గెడ ఎత్తేశాక పడవను ముందుకు నెట్టేది ఏదీ లేదు, నీరు మాత్రం వెనక్కి నెడుతూనే ఉంటుంది. బలం కావలసింది వేగం మారడానికే కనుక, పడవ తనకున్న వేగంతో సాగుతూ నీటి నిరోధం వల్ల క్రమంగా నెమ్మదిస్తుంది. పిల్లలు ‘బలం’ అన్నచోట ‘ఊపు’ అనిపించండి. ‘పడవకి ఇంకా ఊపు ఉంది’ అంటే వాక్యమూ ఒప్పే, శాస్త్రమూ ఒప్పే.

ప్రశ్న: అలాగయితే పాఠ్యపుస్తకంలోనే ‘ద్రవ్యవేగం’ (మొమెంటం) తీసేసి ‘ఊపు’ అని పెట్టవచ్చు కదా?

జవాబు: నాకూ ఆ ఆశ ఉంది కానీ, తల ఊపడం, ఊయల ఊపడం అనే క్రియ కూడా అదే మాట కావడంతో లెక్కల వాక్యాల్లో తడబాటు వస్తుంది. పైగా ద్రవ్యరాశిని వేగంతో గుణించాలన్న సంగతిని ‘ద్రవ్యవేగం’ తన పేరులోనే చెబుతోంది. రేవులో నిలబడి చూసేవారికి ‘ఊపు’లోనూ ఆ గుణకారం తెలుస్తుంది: ఒకే వేగంతో వస్తున్నా, కాయలు నింపిన పడవకు ఖాళీ పడవ కంటే ఊపు ఎక్కువ కనుక, రేవు ఇంకా దూరంగా ఉండగానే గెడ ఆపేస్తారు.