రోహిణి కార్తెలో తెల్లబడిన బొచ్చె చేప గుడ్లు: నీటి వేడే కారణమా?

కోవూరు కొత్తవాడు:
మొన్న సాయంత్రం గుడ్లు పెట్టించే హార్మోను సూదులు వేసిన బొచ్చె చేపలు తెల్లవారుజామున గుడ్లు పెట్టాయి. ఉడికిన సగ్గుబియ్యంలా నిగనిగలాడిన ఆ గుడ్లలో సగానికి పైగా మధ్యాహ్నం 3 గంటలకల్లా పచ్చి సగ్గుబియ్యంలా తెల్లబడిపోయాయి. అప్పుడు గుడ్లు పొదిగే గుండ్రటి తొట్టిలో నీరు 35 డిగ్రీలు ఉంది. దీనికి వేడే కారణమా? తొట్టికి ఎన్ని గుడ్లు వేయవచ్చు?

కావలి రైతు:
బొచ్చె, శీలావతి గుడ్లు 27 నుంచి 31 డిగ్రీల నీటిలో 14 నుంచి 18 గంటలలో పొదుగుతాయి. ఎండలో పరిచిన నల్ల పైపులో నిలిచిన నీరు ఒక్కసారిగా తొట్టిలోకి వచ్చి, నిరుడు నా గుడ్లన్నీ పోయాయి. ఇప్పుడు పైపు మీద వరిగడ్డి, తొట్టి మీద తాటాకుల పందిరి వేశాను.

ఇరవయ్యేళ్ల మేస్త్రి:
పందిళ్లతో పనిలేదు. చేయి ముంచితే నీటి వేడి నాకు తెలుస్తుంది. నాలుగు ఐసు గడ్డలు వేస్తే సరిపోతుంది.

ముత్తుకూరు విద్యార్థి:
మేస్త్రి గారూ, ఆ సలహా దయచేసి ఇవ్వకండి. పిండం తొలి దశలో ఉన్నప్పుడు నీరు ఒక్కసారిగా చల్లబడినా గుడ్లు చస్తాయి.

ఇరవయ్యేళ్ల మేస్త్రి:
మీరు పుట్టకముందే నేను లక్షల పిల్లలు తీశాను. గుడ్లు చచ్చేది వేడికి కాదు, తొట్టిలో నీరు గుండ్రంగా తిరిగే తిప్పుడు ఆగినందుకు.

ముత్తుకూరు విద్యార్థి:
ఆ రెండూ వేరు కావు. నీరు తిరుగుతుంటేనే గుడ్లకు ఆక్సిజన్ అందుతుంది. 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలిగితే, 35 డిగ్రీల నీరు 7 మిల్లీగ్రాములకు మించి పట్టి ఉంచలేదు. పిండానికి మాత్రం వేడిలోనే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అందుకే తిప్పుడు ఆగితే వేసవిలో నష్టం ఎక్కువ. మీ చేయి 31కీ 34కీ తేడా చెప్పగలదా?

కంభం చెరువుగట్టు:
మాకు చలితోనే తంటా. జనవరిలో గుర్రపుడెక్క వేళ్లకు అతుక్కున్న బంగారు తీగ చేప గుడ్లు నాలుగో రోజు దాకా పొదగలేదు. ఈలోగా చచ్చిన గుడ్లకు పట్టిన బూజు దూదిలా పాకి బతికున్న వాటినీ చుట్టేసింది.

ఇరవయ్యేళ్ల మేస్త్రి:
చలికాలంలో గుడ్లు పెట్టించమని ఎవరు చెప్పారు?

కోవూరు కొత్తవాడు:
పందిరి వేసి, బోరు నీటిని జల్లులా పడనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టిలోకి వదిలాను. మధ్యాహ్నం 31 దాటలేదు. ఈసారి తెల్లబడినవి చాలా తక్కువ. తొట్టికి ఎన్ని గుడ్లన్నది మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.