క్యాట్‌ను తిరగేస్తే ట్యాక్ సరే, మ్యాక్‌లో దాని బదులు ఏం వాడాలి?

లినక్స్ కమాండ్ల పాఠం తయారవుతోంది. పేర్లు నవ్విస్తాయి కాబట్టే విద్యార్థులకు ఇట్టే గుర్తుంటాయి. క్యాట్ అంటే పిల్లి కాదు, కాన్‌కాటినేట్‌కు (ఫైళ్లను కలిపి చూపించడానికి) పొట్టిపేరు. దాన్ని తిరగేసి చదివితే ట్యాక్. పనీ అదే, ఫైల్‌ను చివరి వరుస నుంచి మొదటికి చూపిస్తుంది. టెక్స్ట్‌ను వరుస వరుసగా చదివి మార్చే ఆక్ అయితే 1977లో దాన్ని రాసిన అహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ పేర్ల మొదటి అక్షరాలు.

చిక్కంతా ట్యాక్‌తోనే. అది లినక్స్‌తో వచ్చే మూల కమాండ్ల కట్ట గ్నూ కోర్‌యుటిల్స్‌లోది, మ్యాక్‌లో ఉండదు. అక్కడ ఫైల్ చివరి వరుసలు చూపించే టెయిల్‌కు మైనస్ ఆర్ (-r) ఇస్తే పని జరుగుతుంది, కానీ అదే స్క్రిప్టు లినక్స్‌లో ఇన్‌వ్యాలిడ్ ఆప్షన్ అంటూ ఆగిపోతుంది. ఆక్‌లో వరుసలన్నీ అర్రేలో దాచి వెనక నుంచి ప్రింట్ చేస్తే రెండుచోట్లా నడుస్తుంది. అయితే ఫైలంతా మెమరీలోకి వస్తుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో 2 జీబీ లాగ్ ఫైల్‌కు అది కుదరకపోవచ్చు.

ఆక్‌తో వరుసలకు నంబర్లు వేసి, సార్ట్‌తో అంకెల ప్రకారం తిరగేసి, కట్‌తో నంబర్లు తీసేయడం ఒక దారి. సార్ట్ డిస్కు మీద తాత్కాలిక ఫైళ్లు వాడుకుంటుంది కాబట్టి మెమరీ బాధ తప్పుతుంది. ఇంతకంటే వేగంగా, రెండు సిస్టమ్‌లలోనూ నడిచే పద్ధతి ఉందా?

ఇంకొకటి: చివరి వరుస తర్వాత న్యూలైన్ (వరుస ముగిసిందని చెప్పే గుర్తు) లేకపోతే ట్యాక్ "ఒకటి", "రెండు" అనే రెండు వరుసలను "రెండుఒకటి" అని అతికించేస్తుంది. దీన్ని ముందే పట్టుకోవడానికి మీరేం చేస్తారు?